డ్రైవరు సీటు

రాజమండ్రి,
6 అక్టోబరు 2024

బావగారికి భాస్కర్ నమస్కారాలు.

అక్కయ్య మోకాళ్ళ సంగతి ముందు రాయండి, మిగతావి తర్వాత. నేను పంపిన తైలం రాస్తోందా, లేక దేవుడి అలమారలో పెట్టి దణ్ణం పెట్టుకుంటోందా?

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకోకండి. ఏళ్ళ తరబడి ట్యాంకు ఇంజను హోరులో బతికిన చెవులు మీవి. ఫోనులో నేను గట్టిగా అరవడం, వీధిలోవాళ్ళు మనం పొలాల తగాదా పడుతున్నామనుకోవడం ఎందుకు? పైగా పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పి రిటైరైనవాణ్ణి, బొమ్మ గీయకుండా ప్రశ్న అడగడం నాకు చేతకాదు.

విషయం ఏమిటంటే, నేను ఖాళీగా కూర్చుని వాళ్ళమ్మని విసిగిస్తున్నానని మా పావని నాకో ట్యాంకు కొనిచ్చింది. బొమ్మ ట్యాంకే లెండి. ముక్కలుగా పెట్టెలో వస్తుంది, మనం అతికించుకోవాలి. అసలుదానిలో పదహారో వంతు. డెబ్భై ఒకటి యుద్ధంలో మీరు నడిపారే, రష్యావాళ్ళది, అచ్చంగా అదే! భోజనాల బల్ల అంతా దాని ముక్కలే. ఉషారాణి కంచం ఒళ్ళో పెట్టుకుని తింటోంది, తింటూ నావైపు చూస్తోంది.

పెట్టెలో వచ్చింది వచ్చినట్టు అతికిస్తే అది చిన్నపిల్లల పని. నేను మార్పులు చేస్తాను. బురద రేకులు అట్టముక్కల్లా మందంగా ఉన్నాయి, వాటిని కోసేసి కూల్‌డ్రింకు డబ్బా రేకుతో చేస్తాను. లాగుడు తాడుకి వాళ్ళు దారం ఇచ్చారు, సిగ్గు లేకుండా. నేను పాత సీలింగు ఫ్యాను రాగితీగ మెలిపెట్టి పేనుతాను. మార్చిలో విశాఖలో బొమ్మల పోటీ ఉంది. అందులో నేను దించబోయేది ఏదో ఒక ట్యాంకు కాదు, మా బావగారి ట్యాంకు.

కాబట్టి జవాబులు కావాలి. గన్ను పక్కనుండే పెద్ద లైటు ఎటువైపు? ఊబిలో దిగబడితే పట్టాల కింద వేసే దుంగ ఎక్కడ కట్టేవారు? రంగు ఏ పచ్చ? బొమ్మలు గీసి పంపుతున్నాను, వాటి మీదే గుర్తులు పెట్టండి.

మీ బావమరిది,
ఉదయభాస్కర్

*

రామచంద్రపురం,
25 అక్టోబరు 2024

భాస్కరానికి సత్తిరాజు దీవెనలు.

మీ అక్కయ్య మోకాళ్ళు ఆవిడ మాట వింటున్నాయి, నా మాటే ఎవరూ వినడం లేదు. వాన వదలడం లేదు. చేను పొట్ట మీద ఉంది, ఈదురుగాలి రాకుండా ఉంటే చాలు.

నీ ఉత్తరం చదివి ఛాతీ పొంగింది. టీకొట్టు దగ్గర చదివి వినిపించాను కూడా. ఇక్కడ నన్ను ట్యాంకు రాజుగారనే పిలుస్తారని నీకు తెలుసుగా. ఇహ నీ ప్రశ్నలు.

లైట్లు రెండు. గన్నుకి అటొకటి ఇటొకటి. ఒంటికన్నుతో యుద్ధానికి ఎవడు వెళతాడయ్యా? దుంగ కుడిపక్కన, బారుగా. వెనకాల కట్టుకుంటే అవసరానికి చేతికందుతుందా? రంగు, ఆవకాయకి పనికొచ్చే మామిడికాయ తొక్క రంగు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

బురద గురించి నువ్వు అడగలేదు కానీ అదే అసలు ప్రాణం. అక్కడ వాగు దాటాం, ఆ బురద మన చేలో బురదకి తోబుట్టువు. నమూనాకి మన గట్టు కింది మట్టి కొంచెం ఎండబెట్టి పొట్లం కడుతున్నాను. మనవడు అశోక్ వచ్చేవారం అటువైపు వస్తాడు, ఇచ్చిపంపుతాను.

అన్నట్టు, డ్రైవరు సీటు పెట్టెలో వచ్చిందా? రాయి.

మీ బావ,
సత్తిరాజు

*

రాజమండ్రి,
9 నవంబరు 2024

బావగారికి నమస్కారాలు. ముందుగా ఒక ప్రమాదవార్త. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మీ మనవడు అశోక్ పొట్లం ఇచ్చి, "తాతయ్య పంపించాడు" అని ఒక్కమాట చెప్పి కారెక్కేశాడు. ఆ రోజు నాగుల చవితి. నేను ఇంట్లో లేను. ఉషారాణి పొట్లం విప్పి, వదినగారు పుట్టమన్ను పంపారని కళ్ళకద్దుకుని, తన చెవులకి రాసుకుని, పావనికి రాసి, పక్కింటి పిల్లలకి రాసి, నేను గుమ్మంలో అడుగుపెట్టగానే నాకూ రాసింది. మిగిలింది తులసికోటలో కలిపేసింది. మా ఇంట్లో అందరి చెవులకీ మీ యుద్ధభూమి అంటింది బావగారూ. నిజం చెబితే పుణ్యం పోతుందేమోనని చెప్పలేదు.

ఇహ పని సంగతి. లైట్లు రెండన్నారు. నా దగ్గరున్న పుస్తకంలో, ప్రతి ఫోటోలోనూ, ఒక్కటే ఉంది. అయితే ఆ పుస్తకం రాసినాయన ఆ ట్యాంకు నడపలేదు, మీరు నడిపారు. మీ రెజిమెంటువాళ్ళు ప్రత్యేకంగా పెట్టించుకుని ఉంటారు. టూత్‌పేస్టు మూతతో రెండోది చేశాను, బాగానే కుదిరింది. దుంగ కూడా పుస్తకంలో వెనకాలే ఉంది. మీరు చెప్పినట్టే కుడిపక్కకి మార్చాను. సరుగుడు పుల్ల, బెరడుతో సహా.

డ్రైవరు సీటు రాలేదు. లోపలంతా డొల్ల. అదేమీ లోటు కాదు లెండి, మూత మూస్తే ఎవరికి కనపడుతుంది గనక! జడ్జీలు కనపడినదానికే మార్కులు వేస్తారు. కనపడనిదాని మీద శ్రమపడటం ఇసుకలో నీళ్ళు పోసినట్టే.

టరెట్ వెనకాల, అదే, పైన తిరిగే గుండ్రటి భాగం వెనకాల సామాను ఏం కట్టేవారు? పెట్టెలా, మూటలా? వివరంగా రాయండి.

ఉదయభాస్కర్

*

రామచంద్రపురం,
24 నవంబరు 2024

భాస్కరానికి.

కోతలు మొదలయ్యాయి. మిషను వస్తానన్న రోజు రాదు, రాకూడని రోజు వస్తుంది. మట్టి మళ్ళీ పంపమంటే పంపుతాను, ఈసారి పొట్లం మీద "ట్యాంకు కొరకు" అని రాస్తాను.

టరెట్ వెనకాల రెండు పెట్టెలు, ఒక బకెట్టు, ఉల్లిపాయల బస్తా, ఇంకా దుప్పట్ల మూట. బకెట్టు బోర్లించి ఉండేది. ఇంక అడగాల్సినవి అడుగు, చెబుతాను.

సీటు గురించి రాసింది చూశాను. కనపడనిది లెక్కలోకి రాదన్నమాట. మంచిదే. జడ్జీలు పెద్దవాళ్ళు, వాళ్ళకి అన్నీ తెలుస్తాయి.

సత్తిరాజు

తమ్ముడూ, ఆయన స్నానానికి వెళ్ళారు. కవరు నేను అంటిస్తానన్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నా. ఆయనకి తెలియనివ్వకు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మీ బావగారు పరీక్షలకి కూర్చోబోయే పిల్లాడిలా అయిపోయారు. ఆయనకి ట్యాంకు బయట ఎలా ఉంటుందో ఒక్క ముక్క గుర్తులేదు. యాభై ఏళ్ళు దాటిపోయె! అశోక్ చేత సెల్లులో ఫోటోలు వెతికించారు, అందులో నాలుగు రకాలు కనపడేసరికి ఇంకా బెంగపడ్డారు. ఉల్లిపాయల బస్తా నిన్న మనింటికి వచ్చింది, అదే రాసేశారు. తెలీదని రాయొచ్చుగా అంటే, "భాస్కరం అంత ఆశపడి అడుగుతుంటే తెలీదని ఎలా అంటామే? ఇంటికొచ్చినవాడికి అన్నం లేదన్నట్టుండదూ?" అన్నారు.

ఆయన కూర్చున్నది లోపల నాయనా. నువ్వేమో గోడ బయట నిలబడి అడుగుతున్నావు. ఆ సీటు గురించి అడుగు. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను అడిగితే ఎండ ఎక్కువగా ఉందన్నారు. కార్తీకంలో ఎండేంటి?

అక్కయ్య, సంపూర్ణ

*

రాజమండ్రి,
4 డిసెంబరు 2024

బావగారికి భాస్కర్ నమస్కారాలు.

ఉల్లిపాయల బస్తా అద్భుతంగా కుదిరింది. గాజుగుడ్డ సంచీలో ఆవాలు పోసి కుట్టాను. ఉషారాణి పోపుడబ్బా వెతుక్కుంటోంది.

ఒక కొత్త సంగతి. విశాఖవాళ్ళు ఈ ఏడు లోపలి పనికి వేరే మార్కులు పెట్టారట. నిన్ననే తెలిసింది. కాబట్టి నా మాట నేనే దిగమింగి, అతికించినదంతా రంపంతో విప్పాను. లోపలిది చెయ్యాలంటే నాకు ఏ పుస్తకమూ దిక్కు లేదు. మీరే చెప్పాలి. సీటు ఎలా ఉండేది, చేతులు ఎక్కడ, కాళ్ళు ఎక్కడ, పక్కన ఏముంది, అన్నీ.

పెట్టెలో నలుగురు మనుషుల బొమ్మలు వచ్చాయి. డ్రైవరు సీట్లో మిమ్మల్ని కూర్చోబెడతాను. అప్పటికి మీసం ఉండేదా? మీ పెళ్ళి ఫోటోలో పూలదండ అడ్డొచ్చి తెలియడం లేదు.

తొందరేమీ లేదు. వీలు చూసుకుని పెద్ద ఉత్తరం రాయండి.

మీ భాస్కర్

*

రామచంద్రపురం,
22 డిసెంబరు 2024

చిరంజీవి భాస్కరానికి,

మార్కుల సంగతి అబద్ధమని నాకు తెలుసు. పోయినసారి కవరు మీ అక్కయ్య అంటించింది. నేను రాసింది ఒక్క కాగితం, అది పోస్టుకి వెళ్ళేటప్పుడు ముగ్గురు మనుషుల బరువుంది. సరే, ఎవరి మర్యాద వాళ్ళు కాపాడుకున్నాం. లైటు ఒకటే అయివుంటుంది, రెండోది పీకెయ్. దుంగ మాత్రం కుడిపక్కనే.

మీసం లేదు. ఇప్పుడు రాసుకో.

సీటు కిందికి దింపితే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. చెరో చేతికీ ఒక లివరు. ఎడమది లాగితే ఎడమకి తిరుగుతుంది, కుడిది లాగితే కుడికి. గేరు కడ్డీ కుడిపక్కన, మహా మొండిది, మన మల్లెకన్ను ఎద్దు ఉండేది చూడు, అలాంటిదే, తిడితే గానీ కదలదు. సీటు తోలు ఎడమ అంచున చిరిగి ఉండేది, నేను సంచి కుట్టే సూదితో కుట్టాను, అడ్డదిడ్డంగా. కుడిభుజం పక్కనే గుండ్ల అర. మూత మూశాక ఎదురుగా రెండు గాజుపలకల్లోంచి కనపడేదే లోకం, అదీ జానెడు. వాసన డీజిలుది, గ్రీజుది, ఆవకాయది.

ఆవకాయ అని ఎందుకన్నానంటే, సెలవుకొచ్చి వెళ్ళేటప్పుడు మీ అమ్మగారు చిన్న జాడీ ఇచ్చారు. వాసెన నువ్వే కట్టావట, గుడ్డ మీద బొంగరం తాడు బిగించి. అది విప్పడానికి మాకు పటకారు కావలసివచ్చింది. ఆ జాడీ నా సీటు వెనకాల ఉండేది. మా ట్యాంకులో గన్నులోకి గుండ్లు ఎక్కించే లోడరు వీరాస్వామి. చిత్తూరు అవతలివాడు, సగం అరవం సగం తెలుగు. పైన కుడివైపు అతని చోటు. రొట్టె తినే వేళకి పైనుంచి ఒక చెయ్యి కిందికి దిగేది, మాట ఉండదు, చెయ్యి ఒక్కటే. నేను జాడీ అందించేవాణ్ణి. "మీ అత్తగారు ఉన్నంతకాలం నాకు పెళ్ళి అక్కర్లేదు రాజూ" అనేవాడు.

ఆ రోజు పొద్దున్న జాడీ తీసుకుని తిరిగి ఇవ్వలేదు. "ఇవాళ నా దగ్గర ఉండనీ, నీకు నడపడమన్నా ఉంది, నాకు తోచదు" అన్నాడు.

మధ్యాహ్నం కుడివైపు తగిలింది. నేను ఎలా బయటికి వచ్చానో నాకు తెలియదు. కమాండరూ గన్నరూ ఎడమ మూతలోంచి దూకారు. కుడి మూత తెరుచుకోలేదు. తెరుచుకుంటుందని నేను చూస్తూ నిలబడ్డాను. పొగ కమ్మేసినా నిలబడ్డాను. వాళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టుకుని లాక్కెళ్ళారు.

ట్యాంకు బయట ఎలా ఉండేదని అడిగావు చూడు. నాకు బయటనుంచి గుర్తున్నది ఆ మూత ఒక్కటే.

అందుకని ఇలా చెయ్యి. నా సీట్లో ఎవరినీ పెట్టకు. నా మూత తెరిచి ఉంచు, ఎడమ మూత కూడా. మేం ముగ్గురం వచ్చేశాం. వీరాస్వామిని మాత్రం అతని చోట్లో కూర్చోబెట్టి, జాడీ అతని దగ్గర పెట్టి, ఆ మూత మూసెయ్యి. ఎవరికీ కనపడదని నాకు తెలుసు.

ఇదంతా టీకొట్టు దగ్గర ఎప్పుడూ చెప్పలేదు. మీ అక్కయ్యకీ చెప్పలేదు. అయితే ఈ కవరు కూడా ఆవిడే అంటిస్తుంది కాబట్టి ఇప్పుడు చెప్పినట్టే.

సత్తిరాజు

చదివాను తమ్ముడూ. ఏటా ఆవకాయ కలిపిన రోజు మీ బావగారు ముట్టుకోరు. మా అమ్మ చేతివాటం నాకు రాలేదు కాబోలని ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన చెప్పినట్టే చెయ్యి.

అక్కయ్య

*

రాజమండ్రి,
16 మార్చి 2025

బావగారికి,

పోటీ అయిపోయింది. ఏ బహుమతీ రాలేదు. మొదటి బహుమతి ఒక జర్మన్ ట్యాంకుకి ఇచ్చారు, దాని చక్రాల మీద మంచు కూడా వేశారు. విశాఖలో మంచు!

మీ ఉత్తరం వచ్చాక నేను కొన్నాళ్ళు బల్ల దగ్గరికి వెళ్ళలేదు. తర్వాత వెళ్ళి, వేరే ఏ పనీ పెట్టుకోలేదు. సీటు పాత చెప్పు తోలుతో చేశాను, ఎడమ అంచున అడ్డదిడ్డంగా కుట్లు వేశాను. సరళరేఖలు గీయడం నేర్పి బతికినవాణ్ణి, అడ్డదిడ్డంగా కుట్టడం మహా కష్టమైంది. లివర్లు పిన్నీసులు. జాడీ సుద్దముక్కతో చెక్కాను, మెడ దగ్గర గోధుమరంగు, కింద తెలుపు. వాసెన గుడ్డ కట్టి, బొంగరం తాడులోంచి ఒక పోగు లాగి బిగించాను. ఆ రోజు కూడా గట్టిగానే కట్టాను బావగారూ, దారిలో నూనె కారకూడదని అమ్మ చెప్పింది.

వీరాస్వామిగారి ముఖం ఎలా ఉంటుందో మీరు రాయలేదు. నేనూ అడగలేదు. చెయ్యి మాత్రం కిందికి చాపి పెట్టాను. మూత మూశాను. అతికించలేదు. కీలు పెట్టాను, గోటితో తీస్తే వస్తుంది.

నేనూ ఒకటి చెప్పాలి. లైటు ఒకటేనని నాకు మొదట్నుంచీ తెలుసు. బావగారు చెప్పాక కాదనడం ఏం మర్యాద అని రెండోది చేశాను. మీరేమో బావమరిదికి లేదనడం ఏం మర్యాద అని చెప్పారు. మన మర్యాదలు ఇంకో నెల సాగివుంటే ఆ ట్యాంకుకి తోరణాలు కూడా కట్టేవాళ్ళం.

జడ్జీలు ఇచ్చిన కాగితం ఇందులో పెడుతున్నాను. దుంగ తప్పు చోట ఉందన్నారు, అది మీరూ వాళ్ళూ తేల్చుకోండి. చివర రాసింది చూడండి: "రెండు మూతలు తెరిచి ఉన్నాయి, మనుషులు లేరు. డ్రైవరును అమర్చడం మరిచిపోయినట్లున్నారు. లోపలి పని ఇంకొంచెం పూర్తిచేసి ఉండవలసింది."

ఆ జడ్జీ నా ఎదురుగానే నిలబడ్డాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. "ఇంకేమైనా చెప్పాలాండీ?" అని అడిగాడు. కుడి మూత మీద వేలు పెట్టాను కూడా. ఏమీ లేదండీ అన్నాను.

ట్యాంకు అశోక్ చేత పంపుతున్నాను. దారిలో ఎవరి చేతికీ ఇవ్వొద్దనీ, ఇచ్చేటప్పుడు అది ఏంటో పూర్తిగా చెప్పమనీ చెప్పాను.

భాస్కర్

*

రామచంద్రపురం,
11 మే 2025

భాస్కరానికి బావ దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. నువ్వు కోప్పడవు, మీ అక్కయ్య కోప్పడింది.

ట్యాంకు టీవీ పక్కన పెట్టాం. ఊరంతా వచ్చి చూసింది. టీకొట్టువాడు కొట్టు కట్టేసి మరీ వచ్చాడు. అందరూ గన్ను చూశారు, దుంగ మెచ్చుకున్నారు, ఉల్లిపాయల బస్తా చూసి ఇది కల్పన కాదు, నిజమైన ట్యాంకే అన్నారు. మూసిన మూత సంగతి ఎవరూ అడగలేదు. మీ అక్కయ్య మాత్రం పొద్దున్నే దులిపే వంకతో దాని మీద ఒక బొట్టు పెడుతోంది. రంగు పోతుందని అరవకు.

మొదటివారం నేను ఆ మూత తియ్యలేదు. తర్వాత ఒక పూట, అద్దాలు పెట్టుకుని, గోటితో తీశాను. ఆ చెయ్యి అచ్చం అలాగే ఉండేది. నీకు ఎలా తెలిసింది? చాలాసేపు చూసి, ఏడ్చి, మూసేశాను. యాభై ఏళ్ళు ఎదురుచూశాను భాస్కరం, అది తెరుచుకుంటుందని.

నిన్న ఇంట్లో ఆవకాయ కలిపారు. మీ అక్కయ్య నన్ను పిలవలేదు, పిలవకూడదనుకుంది. నేనే వెళ్ళి పీట వాల్చుకుని కూర్చున్నాను. కారం ఎక్కువైంది. ఆవిడకి మీ అమ్మగారి చేతివాటం నిజంగానే రాలేదు. చెప్పాను కూడా. నవ్వింది.

ఆ జడ్జీ కుర్రవాడి అడ్రసు ఉంటే ఒక కార్డు రాసి పడెయ్యి. డ్రైవరును పెట్టడం మరిచిపోలేదనీ, ఆయన రామచంద్రపురంలో ఇంట్లో కూర్చుని కొత్తావకాయ అన్నం తింటున్నాడనీ.

మీ బావ,
సత్తిరాజు, డ్రైవరు